తూకం

పలాస అవతల జీడితోటలో
తిత్లీ గాలికి కూలిన రేకుల షెడ్డు కింద
ఆరేళ్లు పడుకుంది యెజ్డీ.
తవిటినాయుడు కాటా మీదకి ఎత్తించాడు.
నూట ముప్పయ్యెనిమిది కేజీలు, కేజీ ముప్పయ్యైదు.
"ఇనుముకే ఇస్తన్నాను బావూ.
బండంటే మల్లీ రేటు మాటాడాల."

ఆమదాలవలస సబ్‌స్టేషన్‌లో నాకు రాత్రి డ్యూటీ.
పగలంతా పెరట్లో, గోనెపట్టా మీద.
తుప్పు పట్టిన ప్రతి నట్టుదీ ఒకటే మాట, రాను.
కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిచ్చి
మర్నాడు మళ్లీ అడగాలి,
అలిగిన కొత్తల్లుణ్ణి అడిగినట్టు.

క్రాష్ గార్డు పోయింది. మడ్‌గార్డులు పోయాయి.
చీరగార్డు విప్పితే
కింద ఫుట్‌రెస్టు మీద గీతలు,
అన్నీ ఒకే చోట, ఒకే వాలులో,
ఏళ్ల తరబడి ఎవరిదో పట్టీ రాసుకున్న జాగా.
వెనక బ్రేకు రాడ్డుకి
స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట తలపిన్ను.
ఏ దారిలోనో అసలుది రాలిపోతే
ఆమె జుట్టులోంచి తీసి ఇచ్చుంటుంది.
మిగతా దారంతా
ఆ జుట్టు గాలికి వదిలేసే వెళ్లుంటారు.

హైమ ఆ పిన్నుని పెట్రోల్లో కడిగి
తన జడలో పెట్టుకుని చూసుకుంది.
"వోసనొస్తంది" అని తీసేసి
మసాలా డబ్బా మూత మీద పడేసింది.

వంటిల్లు మెల్లగా నాదైంది.
బేరింగులు ఫ్రిజ్‌లో, నిన్నటి నెత్తళ్ల పులుసు పక్కన.
క్రాంక్ కేసు గ్యాసు పొయ్యి మీద.
వేడికి అది వెంట్రుక మందం విచ్చుకుంటుంది,
చలికి ఇది వెంట్రుక మందం ముడుచుకుంటుంది.
సుత్తి దెబ్బ లేకుండా
టక్కున కూచుంది.
"మల్లీ సెయ్యి, సూస్తాను" అంది హైమ.
ఒక్కసారే పడుతుందని చెప్పాను.

పెట్రోలు మూత బుడితిలో ఇత్తడితో పోత పోయించాను.
"సెంబు మూతలా వొచ్చింది, తిట్టకు" అన్నాడు కంచరి లోకనాథం.
పొందూరు ఖద్దరు ముక్కలో పెట్రోలు వడగట్టాం.
ఫ్రేము వెనక జానెడు కోయించాను,
హేండిలు దించాను,
ఒంటి సీటు, తోక దగ్గర చిన్న మూపురం.
తల వంచి కుమ్మడానికొస్తున్న కోడెలా ఉంది.

హైమ చుట్టూ తిరిగి చూసింది.
"బాగుంది. మరి నానెక్కడ కూకోవాల?"
ఈ బళ్లింతే అన్నాను. ఇంగ్లండులో కుర్రాళ్లు
ఒక టీకొట్టు నుంచి ఇంకో టీకొట్టుకి పందెం వేసుకునేవారట,
బరువంతా తీసేసి...
"నాను బరువా?"

జవాబు కోసం మళ్లీ కాటా దగ్గరికే తోసుకెళ్లాను.
నూట పదహారు.
"ఇరవై రెండు కేజీలు ఏడకెల్లిపోనాయి?"
తవిటినాయుడికి చెప్పలేదు.
చీరగార్డు మా అటక మీదుంది.

ఈ బండికి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు,
వెనక్కి తిప్పితే కిక్కు, ముందుకి వాలిస్తే గేరు.
పదకొండు తన్నులకి నా మోకాలు మొరాయించింది.
పన్నెండోది హైమ తన్నింది,
చుక్కల మందు డబ్బాతో
టీవీఎస్ మీద ఇరవై ఊళ్లు తిరిగిన కాలు అది.
నీలం పొగ. రెండు గొట్టాల్లోంచి
తప్పెటగుళ్లోళ్లు రొమ్ముల మీద వాయించినట్టు మోత.
దిగమని నేననలేదు.
దిగుతానని తనూ అనలేదు.
రెండు ఎగుళ్లు ఎగిరి, గేటు స్తంభాన్ని గీరి,
శ్రీకాకుళం రోడ్డెక్కింది.

టీకొట్టు దగ్గర నిలబడి రెండు చెప్పాను.
ఒకటి తాగాను.
రెండోదాని మీద మీగడ కట్టింది.
ఆ మీగడ మీద ఒక ఈగ వాలి, లేచి, మళ్లీ వాలింది.

చాలాసేపటికి ఏడు రోడ్ల వైపు నుంచి
గేరు దించడం రాని అరుపు.
వచ్చి ఆగింది. ఆగిపోయింది.
జడంతా ఊడిపోయి ముఖం మీద పడుతోంది,
పిన్ను మసాలా డబ్బా మీదే ఉండిపోయింది.
గ్లాసు ముట్టుకుని చూసింది.

"సల్లారిపోనాది. ఇంకోటి సెప్పు."